ఎర్రచుక్క లేని ఫోను

ఆ వీధిలో పొద్దున్నే అందరికంటే ముందు తెరుచుకునేది దర్జీ అమ్మగారి తలుపు. ముందుగది ఒకటే, దుకాణాలు మాత్రం రెండు. కిటికీ వైపు అమ్మగారి కుట్టు మిషను, గుమ్మం వైపు పెద్దకూతురి రిపేరు బల్ల. ఇటు స్కూలు యూనిఫారాలకు గుండీలు పడుతుంటే అటు ఫోన్లకు వెనక మూతలు ఊడుతుంటాయి. పెద్దకూతుర్ని వీధిలో ముసలివాళ్ళతో సహా అందరూ అక్క అనే పిలుస్తారు. నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి మాటెత్తితే చాలు, ఈ బల్ల ముందు ఎవరు కూర్చుంటారని ఎదురు ప్రశ్న వేసి నోరు మూయిస్తుంది.

ఆ బుధవారం పొద్దున కూడా అక్క కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎవరిదో నీళ్ళలో పడ్డ ఫోను ఆరబెడుతోంది. మేడమీదావిడ మనవడి ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చింది. ప్యాంటు సంగతి పూర్తి కాకుండానే అమ్మ మిషను సొరుగు లాగి, మెత్తటి గుడ్డలో చుట్టిన కొత్త ఫోను బయటికి తీసింది. సోమవారం పార్సెల్లో వచ్చిన దగ్గర్నుంచి అలా తీసి చూపించడం ఇది ఏడోసారి. అక్క పని చేసుకుంటున్నట్టే ఉంటుంది గానీ, ఇలాంటివి ఎన్నిసార్లయ్యాయో ఆమెకు తప్పకుండా తెలుస్తుంది.

"మా చిన్నది పంపింది" అంది అమ్మ. "ఎంత తేలిగ్గా ఉందో పట్టుకుని చూడండి."

మేడమీదావిడ పట్టుకుని చూసి, అదృష్టవంతురాలివి అంది. ఆ మాట అక్క చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఈ గదిలో రోజూ పదిగంటలు తల్లి పక్కన కూర్చునే కూతురు ఉంది. తల్లి మాత్రలు గుర్తుపెట్టుకునే కూతురు, మిషను బెల్టు తెగితే అర్ధగంటలో వేసిపెట్టే కూతురు. ఇన్నేళ్ళలో ఆ కూతుర్ని చూసి మేడమీదావిడ ఒక్కసారైనా అదృష్టమన్న మాట ఎత్తలేదు.

ఆ చిన్నది ఆరేళ్ళ కిందట పెళ్ళిచేసుకుని రైల్లో ఆరు గంటల దూరం వెళ్ళిపోయింది. అక్కడ ఆసుపత్రిలో రక్తపరీక్షల ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చే ముందు దుప్పట్లు ఉతకడం, మంచినీళ్ళ గ్లాసులు తోమడం, ఇంట్లో ఒకటే హడావిడి. అక్క ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆమె రాకకు హడావిడి పడే అవసరం ఎవరికీ కలగలేదు. చెల్లెలు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా దుకాణం ఎవరు చూస్తారని తప్పించుకుంది. అసలు కారణం వేరే ఉంది. చెల్లెలి ఇల్లు బాగుంటే చూసి తట్టుకోలేనని భయం, బాగుండకపోతే అంతకన్నా తట్టుకోలేనని.

కొత్త ఫోను వస్తే పాత ఫోను ఏమవుతుందన్నది అక్క అసలు బాధ. అమ్మ పాత ఫోను ఎనిమిదిసార్లు చచ్చి బతికింది. తెర మారింది, బ్యాటరీ మారింది, ఛార్జింగు పిన్ను మూడుసార్లు మారింది. కొన్ననాటి ముక్క అందులో ఏదైనా మిగిలిందా అంటే అనుమానమే. ఎనిమిదిసార్లూ దానికి ప్రాణం పోసింది అక్క చేతులే. అలాంటిదాన్ని అమ్మ సోమవారం సాయంత్రం బొత్తాల డబ్బా వెనక్కి తోసేసి, సిమ్ము తీసి కొత్తదాంట్లో పెట్టింది. అది తీసుకోలేదు. ఏదో అంకెలు అడుగుతోందని అక్క చేతికిచ్చింది.

"నీకు చిటికెలో పని కదే, చూడు" అంది.

అక్క తెర మీద మాటలు చదవగానే విషయం అర్థమైంది. ఇది లాకున్న ఫోను. కొన్ని మొబైల్ కంపెనీలు ఏడాదో రెండేళ్ళో తమ దగ్గరే ఉంటామని సంతకం పెట్టినవాళ్ళకు ఇలాంటివి తక్కువలో ఇస్తాయి. వాటిలో ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకోటి పనిచేయదు. ఏ సిమ్మయినా తీసుకునే ఫోను కావాలంటే పూర్తి వెల పెట్టి లాకు లేనిది కొనుక్కోవాలి. అమ్మది వేరే కంపెనీ నంబరు, ఇరవై ఏళ్ళది, ఊళ్ళో సగం మందికి నోటికొచ్చు. ఫోను తీసుకున్నవాళ్ళే కంపెనీని అడిగితే ఎనిమిదంకెల కోడ్ పంపిస్తారు, అది ఒక్కసారి కొడితే లాకు పోతుంది. ఇదంతా అక్కకు కంఠతా వచ్చు. చెల్లెల్ని కోడ్ అడుగు అని అమ్మకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చూస్తానులే అంది.

బుధవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ లోపలిగదిలో నడుం వాల్చింది. అక్క తలుపు ఓరగా వేసి, మిషను సొరుగులోంచి ఆ గుడ్డమూట తీసి, తన సిమ్ము అందులో వేసింది; అదీ వేరే కంపెనీదే. తెర మీద ఇంకా పది ప్రయత్నాలు మిగిలాయని చూపిస్తోంది. ఆ పది అయిపోతే ఏమవుతుందో ఆమెకంటే బాగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. లాకు శాశ్వతంగా బిగుసుకుంటుంది, ఆ తర్వాత కంపెనీ కోడ్ ఇచ్చినా తీసుకోదు.

ఆమె దగ్గరొక పాత నోటుపుస్తకం ఉంది, అందులో ఎప్పుడెప్పుడో పనిచేసిన కోడ్లున్నాయి. అన్నీ పాతకాలపు ఫోన్లవి. అయినా మొదటి మూడు నిజంగా ఆశపడే కొట్టింది. చిన్నది పంపిన ఫోను పెద్దది చేయిపెడితేనే పనిచేసిందని అమ్మ మేడమీదావిడతో అంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కొట్టింది. నాలుగు నుంచి తొమ్మిది దాకా పంతం మీద కొట్టింది. ఒక్కటి మిగిలింది.

అక్కడ ఆపేసేదే. వేలు వెనక్కి తీసుకుంది కూడా. అప్పుడే లోపలిగదిలోంచి అమ్మ గొంతు వినబడింది. నిద్రపోలేదు, పాత ఫోన్లోకి మళ్ళీ సిమ్ము వేసుకుని చిన్నదానితో మాట్లాడుతోంది. అమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. తన ముచ్చట్లు వీధంతా వినాలి కాబోలని అక్క ఏడాదిగా విసుక్కుంటూనే ఉంది.

"అచ్చం నా మనసు చదివినట్టే పంపావే తల్లీ" అంటోంది అమ్మ.

అక్కకు ఒళ్ళంతా భగ్గుమంది. ఎనిమిది సున్నాలు కొట్టింది. ఏ కంపెనీ కూడా అలాంటి కోడ్ ఇవ్వదని తెలిసే కొట్టింది.

తెర ఒక క్షణం నల్లబడి, ఇక ప్రయత్నాలు మిగల్లేదని చూపించింది. చేసిన పని వెనక్కి తీసుకోవాలనిపించింది. బ్యాటరీ కాసేపు ఊడదీసి పెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుందేమోనని, అలా జరగదని తెలిసీ, వెనక మూత విప్పింది. స్క్రూ మీద అంటించిన తెల్ల కాగితపు సీలు చిరిగిపోయింది. పదినిమిషాలు ఆగి పెట్టింది, లాభం లేకపోయింది. మళ్ళీ అన్నీ బిగించి, గుడ్డలో చుట్టి, ఎక్కడిది అక్కడ పెట్టేసింది. అమ్మ లేచాక, ఇది నీ సిమ్ము తీసుకునే రకం కాదమ్మా, లాకున్న ఫోను అని చెప్పింది.

అమ్మ పెద్దగా దిగులుపడలేదు. "చిన్నదానికి చెప్పానులే. కంపెనీని అడిగి కోడేదో పట్టుకుని శనివారం తనే వస్తానంది" అంది.

మరి రెండు రోజులు అక్కకు తిండి సహించలేదు.

శనివారం పొద్దున రైలు దిగి చెల్లెలు నేరుగా వచ్చేసింది. సంచీ దించకుండానే అమ్మను వాటేసుకుంది, అక్క భుజం మీద తట్టింది. కాఫీ అయ్యాక ఫోను చేతిలోకి తీసుకుని, కంపెనీ పంపిన మెసేజి చూసుకుంటూ అంకెలు కొట్టబోయింది. కొట్టడానికి గడే రాలేదు. శాశ్వతంగా లాకయిందని మాత్రం కనబడుతోంది.

నేనొక్కసారి కూడా కొట్టలేదే అంది చెల్లెలు. సిమ్ము పెట్టి తీశానంతే అంది అమ్మ. ఇద్దరూ రిపేరు బల్ల వైపు చూశారు. వాళ్ళ చూపుల్లో అనుమానం లేదు, తెలిసినదాన్ని అడిగే చూపది. ఆ నమ్మకాన్ని తట్టుకోలేక అక్క నోటికొచ్చిన అబద్ధం చెప్పేసింది. ఒక్కోసారి ఫోన్లో లోపం ఉంటే ఇలా తనంతట తనే లాకవుతుందంది.

"లోపమైతే ఇబ్బందేముంది, ఏడాది వారంటీ ఉంది" అని చెల్లెలు బిల్లు తీసింది. అక్కను కూడా తీసుకెళ్ళు, నీకేం తెలుస్తుందని అమ్మ సలహా చెప్పింది. తన అబద్ధం తన కాళ్ళకే చుట్టుకుంటే అక్క మాత్రం ఏం చేస్తుంది? చెప్పులేసుకుంది.

సర్వీసు సెంటర్లో ఏసీ చల్లగా ఉంది, టోకెను నంబర్లు ఎర్రగా మారుతున్నాయి. కౌంటరు వెనక కళ్ళజోడు పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడు. లాకు వేరు, వారంటీ వేరు అని మొదట వివరించాడు. లాకు వేసింది సిమ్ము అమ్మిన కంపెనీ, వారంటీ ఇచ్చేది ఫోను తయారుచేసినవాళ్ళు. తప్పు కోడ్లు కొట్టి లాకు బిగుసుకుంటే అది వారంటీ కిందికి రాదు. ఫోన్లోనే లోపముంటే మాత్రం ఉచితంగా మార్చిస్తారు. చూద్దాం అంటూ వెనక మూత తీసి, దీపం కిందికి వంచాడు. అంతలోనే ముఖం మారింది.

"దీన్ని బయట ఎక్కడో విప్పారమ్మా. సీలు చిరిగిపోయింది. పైగా ఎవరో స్క్రూ మీద రంగు కూడా పూశారు" అన్నాడు.

అక్క మెడ సాచి చూసింది. వెండిరంగు స్క్రూ తల మీద చిన్న ఎర్రచుక్క.

ఆ చుక్క కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. నాన్న రేడియో మెకానిక్కు. ఏ పెట్టె విప్పినా మళ్ళీ బిగించాక ఒక స్క్రూ మీద ఎర్రరంగు చుక్క పెట్టేవాడు. ఆ చుక్క చెదిరితే ఎవరో వేలు పెట్టినట్టు. మన చెయ్యి పడింది మనకు తెలియాలమ్మా అనేవాడు. ఆయన పోయాక రంగు డబ్బా ఎండిపోతే అక్క బల్ల సొరుగులోని గోళ్ళరంగు సీసాతో ఆ అలవాటు సాగిస్తోంది. ఎన్ని వేలసార్లు పెట్టిందో, ఇప్పుడు ఆమె చెయ్యి ఆమెను అడగకుండానే పెట్టేస్తుంది. బుధవారం మధ్యాహ్నం దొంగతనంగా విప్పిన ఫోను మీద కూడా పెట్టేసింది. దొంగతనం చేసి వెళ్తూ విజిటింగు కార్డు వదిలివెళ్ళే దొంగ ప్రపంచంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

చెల్లెలు వంగి ఆ చుక్కను చూసింది. చాలాసేపు చూసింది. అక్క వైపు మాత్రం తిరగలేదు.

"నేనే విప్పించానండి, మా ఊళ్ళో. వారంటీ సంగతి తెలియక" అంది.

కళ్ళజోడు పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. వారంటీ పోయినట్టేనని, కోడ్ ఇక పనికిరాదని చెప్పాడు. ఆ కంపెనీ సిమ్మే వేస్తే మాత్రం నిక్షేపంలా పనిచేస్తుందట, ఇంకో సిమ్ము మాత్రం జన్మలో తీసుకోదట. చెల్లెలు థాంక్సు చెప్పి ఫోను సంచీలో వేసుకుంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తిడుతుందని అక్క ఎదురుచూసింది. తిడితే బాగుండేది, నాలుగు మాటలు తనూ అనేది. చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అక్కకు భయం పోయి, దాని స్థానంలో పాత మంటే మళ్ళీ రాజుకుంది. ఎంత తెలివి అనుకుంది. పరాయివాడి ముందు నింద నెత్తినేసుకుంది. ఇంటికెళ్ళి అమ్మ ముందు కూడా ఇలాగే వేసుకుంటుంది, అమ్మ మురిసిపోతుంది. ఫోను పంపి ఒకసారి మంచిదనిపించుకుంది, ఇప్పుడు ఫోను పాడైతే కూడా మంచిదనిపించుకునేది అదే.

సరిగ్గా అలాగే జరిగింది. అమ్మ మిషను ఆపి ఏమన్నారని అడిగితే, తప్పు నాదేనమ్మా, చవగ్గా వస్తోందని లాకున్నది తీసుకున్నానంది చెల్లెలు. పోనీలే తల్లీ, నువ్వు వచ్చావు, అదే చాలు అంటూ అమ్మ దాని తల నిమిరింది. ఆ చెయ్యి అక్క చూసింది. తన తల మీద ఆ చెయ్యి ఆఖరుసారి ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తు రాలేదు.

"దాని తల నిమరకు" అంది అక్క. "తప్పు దానిది కాదు, నాది. కోడ్లు కొట్టింది నేను. తొమ్మిది తెరుచుకుంటుందేమోనని కొట్టాను, పదోది తెలిసే కొట్టాను. అది పనికిరాకుండా పోవాలనే కొట్టాను."

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నాకు తెలుసు" అంది చెల్లెలు నెమ్మదిగా. "చుక్క చూశాను."

"మరెందుకు కప్పిపెట్టావు? అందరి దగ్గరా మంచిదానివి అనిపించుకోవడానికేగా? ఏడాదికి రెండుసార్లు వచ్చి అమ్మనంతా మూటగట్టుకుపోతావు. నేను చేసిన పాపమన్నా నాకు మిగల్చవా?"

చెల్లెలు అక్క ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

"మూటగట్టుకుపోతున్నానా? నువ్వు పక్కన లేనప్పుడు నేను ఫోను చేస్తే అమ్మ ఏం మాట్లాడుతుందో నీకు తెలుసా? అక్క ఫ్యాను బాగుచేసింది. అక్క మిషను మోటారు మార్చింది. అక్క లేకపోతే నాకు పొద్దుగడవదే. ఆరేళ్ళుగా ఇవే కబుర్లు. నేను ఎలా ఉన్నానని అడిగేలోపు నీ కథ అరగంట అవుతుంది. నేను ఇస్త్రీ పెట్టె పంపాను. వైరు పొట్టిగా ఉందని నెల తిరక్కుండా విప్పి చుక్క పెట్టావు. గోడ గడియారం పంపాను, టిక్కుటిక్కుమంటోందని దాన్నీ విప్పావు. ఈ ఇంట్లో ఏది తిప్పి చూసినా నీ చుక్కే. నాదంటూ చుక్క లేని వస్తువు ఒక్కటి అమ్మ చేతిలో ఉండాలనుకున్నాను. ఫోనయితే వారంటీ ఉంటుంది, విప్పితే వారంటీ పోతుందని నీకు తెలుసు, కనీసం ఏడాదిపాటు నువ్వు ముట్టుకోవనుకున్నాను. అందుకే, అక్కా, ఫోను పంపింది."

అసూయ అనేది తన ఒక్కదాని సొత్తనుకుంది అక్క ఇన్నాళ్ళూ. ఆరు గంటల రైలు దూరంలో ఇంకొకతె అదే మంటను అంతే జాగ్రత్తగా కాపాడుకుంటోందని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. అదీ తనను చూసి, రోజూ గ్రీజు చేతులతో కూర్చునే తనను చూసి.

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు. లేచి, పాత ఫోను తెచ్చి పెద్దదాని చేతిలో పెట్టింది. చిన్నదాన్ని లోపలిగదిలోకి వెళ్ళి తన నంబరుకు ఫోను చెయ్యమంది. ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. అమ్మ చెప్పిన తీరుకి ఎదురు అడగలేకపోయారు.

ఫోను మోగింది. అక్క పచ్చ మీట నొక్కి, అలవాటుగా స్పీకరు మీదికి వేలు తీసుకెళ్ళింది. స్పీకరొద్దు, చెవి దగ్గర పెట్టుకో అంది అమ్మ. అక్క పెట్టుకుంది. ఫోన్లో ఏమీ వినబడలేదు. లోపలిగది గుమ్మంలో నిలబడి చెల్లెలు హలో అనడం నేరుగా వినబడుతోంది. చెవికి ఆనించిన ఫోన్లో మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"ఎప్పట్నుంచి?" అంది అక్క.

"నువ్వు తెర మార్చినప్పటి నుంచి. ఏడాది దాటింది" అంది అమ్మ.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నొచ్చుకుంటావు. పైగా మళ్ళీ విప్పుతావు." అమ్మ కుర్చీలో కూలబడింది. "అందుకే కొత్త ఫోను ఒకటుంటే బాగుండునని చిన్నదాని దగ్గర ఒకసారి అన్నాను. ఎందుకని అదీ అడగలేదు. ఆ మాటే చాలన్నట్టు పంపింది. నామీద ప్రేమ ఎవరికెక్కువని మీరిద్దరూ పోటీ పడ్డారు, బాగానే ఉంది. ఏడాదిగా నాకు ఫోను వినబడటం లేదని మీ ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు. పిల్లల యూనిఫారం కొలతల దగ్గర్నుంచి నా మోకాలి నొప్పి దాకా వీధి మొత్తానికి వినిపిస్తూ మాట్లాడాను. నాకు సిగ్గుగా ఉండదా?"

ఆ చివరి మాటకు అక్క కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. వీధంతా వినాలి కాబోలని తను విసుక్కున్న రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రోజూ పదిగంటలు పక్కనే కూర్చున్న కూతురు, అన్నీ చూసే కూతురు, ఇదొక్కటీ చూడలేదు. చెల్లెలు గుమ్మంలోనే చతికిలబడి చేతుల్లో ముఖం దాచుకుంది.

కాసేపటికి అక్క కళ్ళు తుడుచుకుని బల్ల దీపం వెలిగించింది. "అమ్మా, దీన్ని విప్పనా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఏ వస్తువు విప్పేముందయినా ఆమె అనుమతి అడగడం అదే మొదటిసారి. అమ్మ సరేనంది.

తెర పైభాగంలో, చెవి దగ్గర చిల్లులుండే సన్నని జల్లెడ మీద జిగురు గడ్డకట్టి ఉంది. తెర అంటించేటప్పుడు ఒక్క బొట్టు ఎక్కువ పడింది, అంతే. అక్క చేసిన తప్పే. చెల్లెలు వచ్చి పక్కన నిలబడి టార్చి పట్టుకుంది. సూదితో ఆ జిగురు గీకి తీయడానికి పదినిమిషాలు కూడా పట్టలేదు. ఆ పదినిమిషాల పని కోసం అమ్మ ఏడాది ఆగింది.

బిగించాక అక్క చెయ్యి దానంతటదే సొరుగులోకి వెళ్ళి, గోళ్ళరంగు సీసాతో బయటికొచ్చింది. చెల్లెలి ముందు తియ్యడం అదే మొదటిసారి. దాన్ని చూడగానే చెల్లెలి చేతిలో టార్చి పక్కకు ఒరిగింది.

"ఇది నాది కదూ? పెళ్ళికి ముందు అద్దం దగ్గర వదిలేసి వెళ్ళాను."

సీసా దీపం దగ్గరికి తీసుకుని చూసింది చెల్లెలు. మూత చుట్టూ పొరలు పొరలుగా రంగు గట్టిపడి ఉంది, లోపల పల్చగా నీళ్ళలా ఆడుతోంది.

"ఆరేళ్ళు ఎలా వచ్చింది అక్కా?"

"ఎండిపోయినప్పుడల్లా కాస్త థిన్నరు పోస్తున్నాను."

"కొత్తది కొనుక్కోవచ్చు కదా?"

"కొంటే ఇది పారెయ్యాలి" అంది అక్క. సూది డబ్బాలో పెడుతూ మిగతాది చెప్పింది. "నువ్వెప్పుడైనా వచ్చి, నా రంగు ఏదని అడుగుతావేమోనని."

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ, సిగ్గు లేకుండా. ప్యాంటు తీసుకుపోదామని వచ్చిన మేడమీదావిడ గుమ్మం దాకా వచ్చి, ఇది తన వేళ కాదని వెనక్కి తిరిగింది.

సాయంత్రం రైలెక్కే ముందు చెల్లెలు ఆ లాకు వేసిన కంపెనీ సిమ్మొకటి కొని కొత్త ఫోన్లో వేసింది. పెద్దమనిషి చెప్పినట్టే అది నిక్షేపంలా పనిచేసింది. పాత నంబరు పాత ఫోన్లోనే ఉండిపోయింది, బట్టలు కుట్టించుకునేవాళ్ళందరికీ. కొత్తదాని నంబరు తెలిసింది చిన్నదానికొక్కదానికే. అమ్మ రెండూ చెవికే ఆనించుకుని మాట్లాడుతోంది ఇప్పుడు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున కొత్త ఫోను మోగింది. అమ్మ మిషను దగ్గర తీసుకుని, మెల్లగా మాట్లాడి, ఏదో విని నవ్వింది. ఏమంటోందో అక్కకు వినబడలేదు. వినబడకపోయేసరికి పాత మంట కొంచెం కదిలింది. అలవాటు అంత తొందరగా పోతుందా? తల వంచుకుని స్క్రూలు ఏరుకుంటోంది. అంతలో అమ్మ లేచి వచ్చి ఫోను ముందుకు చాపింది.

"నీకేనట" అంది.

అక్క చేతులు తుడుచుకుని తీసుకుంది. పడగ్గదిలో ఫ్యాను గరగరమంటోందట, మా ఆయన కొత్తది కొందామంటున్నాడు, ఎలా విప్పాలో చెప్పు అని అడుగుతోంది చెల్లెలు. వేగంగా తిరిగితే చప్పుడా, నెమ్మదిగా తిరిగితేనా అని అక్క రెండు ప్రశ్నలడిగింది.

"నువ్వు విప్పకు. ఆదివారం నేనొచ్చి చూస్తాను" అంది.

అవతల చాలాసేపు మాట లేదు. ఈ ఫోను కూడా పాడయిందా అని అక్క చెవికి గట్టిగా ఆనించుకుంది. చివరికి చెల్లెలి గొంతు వినబడింది, బాగా దగ్గరగా.

"వచ్చేటప్పుడు ఆ సీసా తెచ్చుకో అక్కా. మా ఇంట్లో ఒక్కదాని మీద కూడా నీ చుక్క లేదు."